రాజన్న ఎడమ కన్నూ, నా హిట్టింగ్ కోచ్ ఉద్యోగమూ

ఇరవై ఆరేళ్ళ వయసులో నేను ఒక మనిషిని చప్పట్ల మధ్య నిలబెట్టి ముంచేశాను. ముంచేటప్పుడు నేను సంబరంగా ఎగురుతూనే ఉన్నాను. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. ఈ కథ నేను చాలా చోట్ల చెప్పాను. మొదట్లో అందరూ పడీపడీ నవ్వుతారు. చివరికొచ్చేసరికి చేతిలో టీ గ్లాసులు కింద పెట్టేస్తారు. అది నా చెప్పే తీరులో లోపం కాదు.

ఇది రెండువేల నాలుగు నాటి సంగతి. షార్జాలో సజ్జా అనే చోట ఇనుప దూలాలు తయారుచేసే యార్డులో హెల్పర్‌గా ఉండేవాణ్ణి. మా అమలాపురంలో మాత్రం "సత్తిబాబు దుబాయ్‌లో ఉన్నాడు" అని గొప్పగా చెప్పుకునేవారు. నేనున్న దుబాయ్‌లో ఇనుము, ఇసుక, పన్నెండు మందికి ఒక గది ఉండేవి. మిగతా దుబాయ్ నేనూ ఫొటోల్లోనే చూశాను.

మా యార్డు మేనేజరు డేల్ అనే అమెరికా ఆయన. ఇనుములోకి రాకముందు ఆయన బతుకంతా బేస్‌బాల్. అది మన క్రికెట్‌కి దూరపు చుట్టం. పెళ్ళికి వస్తే పంక్తిలో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియని రకం. అందులో డేల్ సారు అవుట్‌ఫీల్డర్. అంటే మైదానం చివర నిలబడి, ఆకాశంలోంచి దిగే బంతిని పట్టుకుని లోపలికి విసిరేవాడు. జీతం తీసుకుని పదేళ్ళు అదే పని చేశాడట. భుజం పోయాక హిట్టింగ్ కోచ్ అయ్యాడు, అంటే బంతిని ఎలా కొట్టాలో నేర్పే పంతులు. ఆ కొలువూ పోయాక ఆయనకి మిగిలింది ఇనుము, ఇసుక, మేము.

పక్క కంపెనీలో ఇంకో అమెరికా ఆయన ఉండేవాడు. ఆయనకో బేస్‌బాల్ జట్టు ఉండేది. పొరుగింట్లో ఫ్రిజ్ కొంటే మనింట్లో నీళ్ళు వేడెక్కినట్టు అనిపిస్తుంది చూడండి, డేల్ సారుకి అలా అయింది. మాకూ జట్టు కావాలన్నాడు.

నన్ను ఎలా ఎంచుకున్నాడో చెప్తే మీరు నమ్మరు. పొద్దున్నే మెస్సు వ్యాను వచ్చి ఖుబూస్ రొట్టెల ప్యాకెట్లు గాల్లోకి విసిరేది. ఆగితే ఆలస్యమని డ్రైవరు ఆగేవాడు కాదు. మా గది పన్నెండు మంది వాటా నేనొక్కణ్ణే గాల్లో పట్టేసేవాణ్ణి. ఒకరోజు డేల్ సారు అది చూశాడు.

"నీ పేరేంటి?"

"సత్తిబాబు సార్."

"సాటీ! ఈ రోజు నుంచి నువ్వు నా అవుట్‌ఫీల్డర్‌వి!"

గదికెళ్ళి చెప్తే రాజన్న అడిగాడు. "అంటే జీతం పెరుగుతదా తమ్మీ?"

"లేదన్నా. శుక్రవారం సెలవు రోజున ఎండలో నిలబడాలి."

"మిగిలిన ఆరు దినాలు నిలబడేది సాలదా?"

రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. యార్డులో గ్రైండర్ పని, గదిలో నా కింది మంచం. ఆయన భార్య లచ్చవ్వ పదిహేనేళ్ళపాటు బీడీలు చుట్టింది. పొగాకు దుమ్ముకి దగ్గు పట్టుకుంది, బీడీల చాట ఒళ్ళోంచి దించకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. ఆ చాట దించడం కోసమే రాజన్న ఈ ఇసుకలోకి వచ్చాడు. ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నావా అని అడిగేవాడు కాదు. మొదటి మాటే "చాట పట్టలేదు గద?" అని.

రాజన్న రెక్కలు చూసి డేల్ సారు ఆయన్నీ జట్టులో వేశాడు.

నా అవుట్‌ఫీల్డర్ జీవితం సరిగ్గా రెండు శుక్రవారాలు సాగింది. రెండో శుక్రవారం ఆట చివరికొచ్చింది, ఒక పరుగు తేడాతో మేమే ముందున్నాం. వాళ్ళ మనుషులిద్దరు బేసుల దగ్గర, అంటే పరుగు తీసేవాళ్ళు ఆగే ఇసుక మూటల దగ్గర, కాచుకుని ఉన్నారు. బంతి సూర్యుడికి అడ్డంగా పైకి లేచింది. నేను ఒంటిచేత్తో పట్టేశాను!

మన వీధి క్రికెట్‌లో క్యాచ్ పట్టాక ఏం చేస్తాం? బంతిని మళ్ళీ ఆకాశంలోకి విసిరేస్తాం. రెండు చేతులూ చాచి విమానంలా ఒక రౌండు కొడతాం. దొరికినవాణ్ణి కావలించుకుంటాం. నేను ఈ మూడూ ఏ లోటూ లేకుండా చేశాను. నాకు దొరికినవాడు రాజన్న. అందరూ అరుస్తున్నారు. అభిమానులు కదా, అరవరూ అనుకున్నాను. తీరా చూస్తే బేస్‌బాల్‌లో క్యాచ్ పట్టినా ఆట ఆగదట. నేను విమానం నడుపుతుండగా వాళ్ళిద్దరూ తాపీగా పరుగెత్తి, హోమ్ అనే ఆఖరి బేసుకి చేరి, రెండు పరుగులు కొట్టేశారు. ఓడిపోయాం.

"సాటీ, నీ అవుట్‌ఫీల్డ్ ఖలాస్," అన్నాడు డేల్ సారు.

"క్యాచ్ పట్టాను కదా సార్!"

"బంతిని పట్టావు, ఆటని వదిలేశావు. రేపటి నుంచి నువ్వు హిట్టింగ్ కోచ్‌వి."

అదేదో పదోన్నతి అనుకున్నాను. బ్యాట్లు మోయడం, కొట్టేవాళ్ళకి బంతులు వెయ్యడం, ఇసుకలో దొర్లిన బంతులు ఏరుకురావడం. అయినా ఆయన పాపం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన కథ చెప్పాడు.

"నా భుజం పోయిన సంగతి ఒక సీజనంతా దాచాను సాటీ. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. బంతి పట్టేవాణ్ణి గానీ విసరలేకపోయేవాణ్ణి. పక్కవాడు పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి తీసుకుని తను విసిరేవాడు. జట్టులో ఇరవై మందికి తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. కోచ్ అన్నవాడు ముందు నేర్చుకోవాల్సింది అదే."

నేను భక్తిగా తల ఊపాను. "సార్, కోచ్‌కి టోపీ ఇస్తారా?" అని అడిగాను. ఇచ్చాడు. నీలం రంగు టోపీ. ఆ కథంతా విని నేను పట్టుకొచ్చింది ఆ టోపీ ఒక్కటే.

ఇక నా శిష్యుల్లో రాజన్న అంత మొండిఘటం ఇంకొకడు లేడు. ఎంత మెల్లగా వేసినా బంతి తగిలేది కాదు. బంతి వెళ్ళిపోయాక బ్యాటు ఊపేవాడు, బస్సు వెళ్ళాక చెయ్యెత్తినట్టు. ఒక శుక్రవారం అలసిపోయి కూర్చున్నాం. ఆయన ఎడమ పక్కన టీ గ్లాసు పెట్టాను. దానికోసం చెయ్యి చాచి, గ్లాసుకి జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు.

"అన్నా, ఏంటది?"

"ఏం లేదు."

"అన్నా!"

చుట్టూ చూసి మెల్లగా చెప్పాడు. "గ్రైండింగ్ రవ్వ పడ్డది తమ్మీ. అద్దాలు గీతలు పడి ఏం కనబడకపోతే పైకి లేపిన, గప్పుడే పడ్డది. తగ్గుతదనుకున్న. ఇప్పుడు ఎడమ కంట్ల ఎలుగు గూడ లేదు."

"క్లినిక్‌కి వెళ్ళకపోయావా?"

"పోతే రాస్తరు. రాస్తే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అంటే వీసా క్యాన్సిల్. నేను ఇంటికాడ దిగిన్నాడే లచ్చవ్వ మల్ల చాట పడ్తది. ఎవ్వనికి చెప్పకు తమ్మీ. నా మీద ఒట్టెయ్."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆ చెయ్యిని గుర్తుపెట్టుకోండి, దానితో ఇంకా పనుంది.

అప్పుడే నాలోని మహా కోచ్ నిద్రలేచాడు. కుడిచేతి వాటం మనిషి నిలబడితే ఎడమ భుజం, ఎడమ కన్ను బంతి వేసేవాడివైపు ఉంటాయి. మరి ఎడమ కన్ను లేనివాణ్ణి అటు నిలబెడితే ఎలా? "అన్నా, ఇటు తిరుగు. ఎడమచేతి వాటంలా నిలబడు," అన్నాను. తిరిగాడు. కుడి కన్ను ముందుకొచ్చింది. మొదటి రోజు బంతి తగిలింది. రెండో వారం ఎగిరింది. మూడో వారానికి నేను బంతులు ఏరుకోవడానికి పక్క యార్డుకి వెళ్ళాల్సి వచ్చింది. గుడ్డి కన్నా మెల్ల నయమంటారు. మా రాజన్న ముందు రెండు కళ్ళున్నవాళ్ళంతా దండగ అనిపించింది. గర్వంతో నా టోపీ బిగుసుకుపోయింది.

పెద్ద ఆట రోజు వచ్చింది. మా హెడ్డాఫీసు నుంచి పెద్ద ముదీర్, అంటే డేల్ సారుకి కూడా పైవాడైన మేనేజరు, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన సేఫ్టీ ఆఫీసరు. చివర్లో రాజన్న వంతు. బంతి వచ్చింది, ఠంగుమంది, కంచె దాటి రోడ్డు మీద పోతున్న ఇసుక లారీలో పడింది. రాజన్న కదలడే! మన క్రికెట్‌లో సిక్సర్ కొడితే పరుగెత్తక్కర్లేదు కదా మరి. ఇక్కడేమో బేసులన్నీ చుట్టి రావాలి.

"యల్లా అన్నా, పరుగెత్తు!"

"ఎటు దిక్కు?"

పరుగెత్తాడు. గెలిచాం. అందరూ లేచి నిలబడి చప్పట్లు. డేల్ సారు నన్ను గాల్లోకి ఎత్తేశాడు.

"సాటీ, ఈయన్ని అటు తిప్పి నిలబెట్టాలని నీకెలా తట్టింది?"

పాఠకులారా, ఈ ప్రశ్నకి జవాబు "దేవుడి దయ సార్". చిన్నపిల్లాడైనా చెప్పగలడు. కానీ చిన్నపిల్లాడి నెత్తి మీద నీలం టోపీ ఉండదు కదా.

"సీక్రెట్ సార్!" అన్నాను.

"అయితే సీక్రెట్‌గానే ఉంచు," అని నవ్వాడాయన. దేవుడు రెండోసారి కూడా అవకాశమిచ్చాడు చూడండి. అంతలో పెద్ద ముదీర్ కుర్చీలోంచి "చెప్పు, చెప్పు" అన్నాడు.

"సార్! రాజన్న లెఫ్ట్ ఐ ఫినిష్ సార్! వన్ ఐ ఓన్లీ! అయినా సిక్సర్ సార్!"

చప్పట్లు ఒక్కొక్కరి చేతుల్లోనే ఆగిపోయాయి. సేఫ్టీ ఆఫీసరు ముందుకొచ్చాడు. "ఏమన్నావ్?"

డేల్ సారు గబుక్కున పెద్దగా నవ్వాడు. "వీడికి జోకులెక్కువ. జోక్ చేస్తున్నాడు." అంటూ నా భుజం పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఎముక కలుక్కుమంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

"జోక్ కాదు సార్! ప్రూఫ్ చూపిస్తాను!"

"తమ్మీ, సాలు. ఊకో," అన్నాడు రాజన్న.

"నువ్వుండన్నా, నీ గొప్ప నీకు తెలీదు!"

ఒట్టేసిన చెయ్యి ఉంది కదా, దానితోనే ఆయన కుడి కన్ను మూసేశాను. రెండో చెయ్యి నా వీపు వెనక దాచుకున్నాను.

"ఇప్పుడు చెప్పన్నా, ఎన్ని వేళ్ళు?"

ఆయనకి అప్పటికే అంతా అర్థమైపోయింది. నా అరచేతి కింద ఆయన రెప్ప కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. అయినా పాపం ప్రయత్నించాడు. ఎడమ కన్ను పెద్దది చేసి, నా వైపు కాసేపు చూసినట్టే చూశాడు.

"మూడు," అన్నాడు మెల్లగా.

"చూశారా సార్!" అని ఎగిరాను నేను. "నేను వేళ్ళే చూపించలేదు!"

కూసే గాడిద వచ్చి మేసే గాడిదని చెరిచిందంటారు. మా కథలో ఆ మేసే గాడిద ఒక ఇంటి బరువంతా మోస్తోంది కూడా. నేను కూస్తూ ఎగురుతుంటే సేఫ్టీ ఆఫీసరు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. అప్పుడు ఆగాను. అప్పటికి ఏం లాభం.

మర్నాడే మెడికల్. ఆ మర్నాడు అన్‌ఫిట్. డేల్ సారు హెడ్డాఫీసుకి రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చాడు. నన్ను పిలిచాడు. తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇరవై మంది, సాటీ," అన్నాడు. అంతే, కాగితాల్లోకి తల దించేసుకున్నాడు.

రాజన్న గదిలో అందరితో మాట్లాడాడు. తన బకెట్టు ఒకరికి, దుప్పటి ఒకరికి ఇచ్చాడు. నాతో మాత్రం తొమ్మిది రోజులు ఒక్క మాటా లేదు. "అన్నా" అంటే మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు. నేను ఏడ్చాను, సిగ్గులేకుండా చెప్తున్నాను. ఆయన వెళ్ళే రోజు మధ్యాహ్నం పని వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. వ్యానులో కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. యార్డులో గ్రైండర్ల మోత, నా అరుపు నాకే వినపడలేదు. ఆయన తిన్నగా ముందుకే చూస్తున్నాడు. తల తిప్పలేదు. వ్యాను వెళ్ళిపోయింది. సరే, నాకిదే తగిన శాస్తి అనుకుంటూ వెనక్కి తిరిగాను.

పది అడుగులు వేశాక తెలిసింది. నేను నిలబడింది ఆయన ఎడమవైపు.

ఎటు నిలబడాలో ఆయనకి నేర్పిన కోచ్‌ని నేనే. నేను కనపడక వెళ్ళాడా, చూడదలచుకోక వెళ్ళాడా, నాకు ఇప్పటికీ తెలియదు. రెండు నెలల తర్వాత వాళ్ళ ఊరి మనిషి ఒకడు క్యాంపుకి వచ్చి చెప్పాడు. లచ్చవ్వ మళ్ళీ చాట పట్టిందట. పక్కన రాజన్న కూర్చుని ఆకు కత్తిరించి ఇస్తున్నాడట.

కాబట్టి ఆ నీలం టోపీ మీద చెయ్యి పెట్టి, పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా నన్ను మెచ్చుకుని "ఎలా చేశావయ్యా?" అని అడిగితే నా పది వేళ్ళూ జేబుల్లో దాచుకుని, దేవుడి దయ అంటాను. ముదీర్ అడిగినా అంతే, యముడు అడిగినా అంతే. ఇక జన్మలో ఎవరికి వీడ్కోలు చెప్పాల్సి వచ్చినా, ముందు బండి చుట్టూ తిరిగి వాళ్ళ కుడివైపు నిలబడి, ఆ తర్వాతే చెయ్యెత్తుతాను.