నీళ్లులేని టబ్బుల మా బావ

మా జనార్దన్ బావ ఏ వస్తువైనా దుకాణంలనే వాడి చూడంది కొనడు. మిక్సీ కొనపోతే ఇంటికాన్నుంచి పల్లీలు, పచ్చిమిరపకాయలు మూటగట్టుకపోయిండు. గాడనే చట్నీ పట్టి, ఓనరు నోట్ల పెట్టి, "ఉప్పు సరిపోయిందా?" అనడిగిండు. మంచం కొనపోతే పండి గురక పెట్టిండు. దుకాణమాయన తట్టి లేపితే, "ఆగవయ్యా, ఇంకా ఎడమదిక్కు పండలే" అని అటు మర్లిండు.

గసొంటి మనిషి సూర్యాపేటల కొత్తిల్లు కడుతూ స్పా టబ్బు కొంటనన్నడు. వేడినీళ్లు బుగ్గలు బుగ్గలుగ వచ్చి ఒళ్లు పిసుకుతయట.

"నీకెందుకు బావా?" అన్న.

"నా నడుం నొప్పికి."

మా చంద్రకళక్క ఊకుంటదా? "నీళ్లల్ల పండనీకి నువ్వేమన్న బర్రెవా?" అన్నది. అక్క నోరు మంచిగనే నడుస్తది గని, కాలు నడువది. నాట్లప్పుడు పొలం గట్టు మీద జారిపడ్డకాన్నుంచి కుడి మోకాలు వంగుతలేదు. "నలుగుర్ల కుంటుకుంట నేను రాను" అని గడప దాటుడే బంద్ జేసింది. పెండ్లిళ్లు లేవు, పేరంటాలు లేవు. అక్కను బయటికి తీస్కరానీకి నేను మొక్కని దేవుడు లేడు. ఈ మనిషికేమో టబ్బు పరేషాన్!

సూర్యాపేట దుకాణంల బావ చెప్పులిడిచి, దండం పెట్టి, కుడికాలు కర్రలెక్క బిగబట్టి టబ్బుల దిగిండు. "ఊహూ, గోడ ఎత్తున్నది." కోదాడల గట్లనే దిగి, లేవరాక ఇరుక్కున్నడు.

"లేవండి సార్, ఇది డిస్‌ప్లే పీసండీ!" అన్నడు సేల్స్‌మన్ పాపం.

"లేవరాకనే గదా కూసున్న! పట్టుకునే కడ్డీ ఏది?" అని ఆయన్నే గద్దించిండు. నాకు తల కొట్టేసినట్టయింది.

మిర్యాలగూడల సంగతి ఇగ చెప్పొద్దు. సంచిలకెల్లి అక్క చీర తీసి, ప్యాంటు మీదనే చుట్టుకున్నడు.

"బావా, ఇజ్జత్ తీయకు!"

"నువ్వు జర ఊకో బామ్మర్ది."

కుచ్చిళ్లు ఒక చేత పట్టి, ఇంకో చెయ్యి కడ్డీకి ఆన్చి, కుడికాలు చాపి, పెదవి కొరుక్కుంట మెల్లగ దిగిండు. లేచిండు. "దొరికింది! ఇదే!" అని ఎగిరిండు. దుకాణమంత ఒకటే నవ్వుడు. ఎవడో వీడియో తీసిండు. మేం ఇల్లు చేరకముందే అది అక్క ఫోన్లకు చేరింది.

అయిపోయింది, ఇగ ఇంట్ల యుద్ధమే అనుకున్న. అక్క వీడియో చూసింది. మల్ల పెట్టుకొని చూసింది. నవ్వలే, తిట్టలే. ఆ కాలు, ఆ ఆనుకునుడు, ఆ పెదవి కొరుకుడు అన్నీ తనవే. నా బుర్రకు గప్పుడెక్కింది. నడుం నొప్పి ఉత్తదే. సిగ్గుతోటి బయటికి రాని పెండ్లాం కోసం ఆ సిగ్గంత తానే పడొచ్చిండు మా బావ. నాకైతే ఆయన కాళ్లు మొక్కబుద్దయింది.

"కుచ్చిళ్లు గట్ల పట్టుకుంటరా ఎవరన్న? పరువు తీసినవ్ గదయ్యా!" అన్నది అక్క, కండ్లు తుడ్సుకుంట. "తమ్మీ, తెల్లారంగనే కారు తియ్. ఈయనకు దిగుడెట్లనో చూపిస్త."

మిర్యాలగూడ దుకాణంల జనమంత చూస్తుంటే అక్క కుంటుకుంటనే పోయింది. కడ్డీ పట్టుకొని టబ్బుల దిగింది. కాళ్లు చాపి కూసున్నది.

"సరిపోయింది గదా, ఇగ లేవే" అన్నడు బావ.

"జర ఆగు, చూడాల్సింది ఇంకోటున్నది." అక్క పక్కకు జరిగి జాగ చేసింది. "ఇద్దరం పడ్తమో లేదో, నువ్వు గూడ దిగు."

ఏ ఊరి దుకాణంల సిగ్గుపడని మా బావ, గప్పుడు మాత్రం సిగ్గుతోటి ముఖం ఎర్రబడి సేల్స్‌మన్ ఎనకకు పోయి నిలబడ్డడు.