సర్దార్జీ దొంగలు

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ఎదుట లారీలు బాగుచేసే సర్దార్జీ ఉండేవాడు. కామం, క్రోధం, లోభం, మోహం, అహంకారం మనిషిని లోపల్నుంచి దోచే అయిదుగురు దొంగలని వాళ్ల గురువుల మాట. అందుకే కోపమొస్తే చేతిలోని పానా కింద పెట్టి, కళ్లు మూసుకుని, "దొంగ వచ్చిండు" అనేవాడు. మొదటిసారి మేం కర్రలు పట్టుకుని ఉరికాం. తర్వాత అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం గట్టిగా అరిచాడు, "దొంగ వచ్చిండు."

అమ్మ బియ్యం ఏరుతూ లోపల్నుంచే అడిగింది, "ఏ దొంగ అన్నా, కోపమా, ఆశనా?"

"బ్యాటరీ ఎత్తుకపోతుండక్కా."

మేం బయటికొచ్చేసరికి సర్దార్జీ చేతిలో పానాతో రొప్పుతూ, బ్యాటరీ లేకుండానే తిరిగొస్తున్నాడు. పానా కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"వాడు పోయిండక్కా. ఇప్పుడు ఇంకోడు వచ్చిండు."