అప్పలరాజుకి నేనేసిన మార్కులు

ఒక గంపెడు చేపల్ని, నా పరువునీ ఒకే పూట ఎండలో కుళ్ళబెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు.

2014లో నరసన్నపేటలో ఒక మోటారు సైకిళ్ళ షోరూములో సర్వీసు మేనేజరుగా చేరాను. నెల తిరక్కుండానే విశాఖలో రెండు రోజుల వ్యక్తిత్వ శిక్షణకు పంపారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిని, వచ్చేటప్పుడు మహర్షిని. చిరునవ్వు లేనిదే పనితనం లేదని ఎర్రసిరాతో రాసుకొచ్చాను.

మా పెద్ద మెకానిక్ అప్పలరాజుది ఉరిమే మేఘంలాంటి ముఖం. కస్టమరు కనిపిస్తే చాలు, "ఇంజనాయిలు ఎప్పుడు మార్సినావు? తలకి మాత్రం నూని దిట్టంగా ఎట్టుకున్నావు!" అని తగులుకునేవాడు. నాకు ఒళ్ళు మండింది. వ్యక్తిత్వానికి పదికి ఒకటి వేసి విడిభాగాల గదిలో పడేశాను. అమ్మకాల కౌంటరులోని రమేష్‌ని అతని స్థానంలో పెట్టాను. వాడు నవ్వితే షోరూముకి ట్యూబులైటు అక్కర్లేదు. మెకానిక్ సర్టిఫికెట్టూ ఉంది. పనితనమున్న చెయ్యే లేదు.

మూడో రోజు గౌరమ్మ వచ్చింది. మోపెడ్ మీద చేపలు తెచ్చి అమ్మే మనిషి. వచ్చింది అనకూడదు, ఆ బండిని తోసుకుంటూ దండెత్తింది. గంప తెచ్చి నా బల్ల మీద దించింది. వెనకాలే ఈగలు.

"ఏమిటమ్మా ఈ కంపు?"

"నీ సర్వీసే బాబూ! బాగు సేసినామని నిన్న నవ్వుతా ఇచ్చినాడు. పొద్దున్న హైవే మీద ఆగిపోనాది. సేపలన్నీ ఎండకి పాడైపోనాయి!"

"మావాడు మర్యాదగా మాట్లాడాడా, లేదా?"

"మాటాడినాడు! మళ్ళీ రండమ్మా అన్నాడు. వచ్చినాను కాదేటి!"

అక్కడైనా నోరు మూసుకోవాలా? "చూడమ్మా, సేవలో మనిషి స్వభావం..." అని పాఠం అందుకున్నాను.

"నీ సొబావం ఎవుడిక్కావాలి? అప్పలరాజేడీ? ఆడు తిడతాడు గానీ బండి నడుస్తాది!"

గొడవకి యజమాని బయటికొచ్చి అప్పలరాజును పిలిపించాడు. అతను మోపెడ్‌ని ఒక్కసారి తొక్కి చూశాడు. పెట్రోలు పైపు ఊడదీసి ఊదాడు. బండి లేచి కూర్చుంది.

"పైపునిండా సెత్త! నువ్వూ, ఆ రమేసూ కలిసి ఏటి సూసినార్రా?"

"నేను మేనేజర్ని!" అని గర్జించాను.

"అయితే మరీ ఇడ్డూరం," అంది గౌరమ్మ.

యజమాని ఆమె నష్టం సరిపెట్టి, వారం రోజులు నన్ను అప్పలరాజు దగ్గర పనికి పెట్టాడు. వారమయ్యాక అడిగాడు: "మా మేనేజరు ఎలా చేస్తున్నాడు?"

అప్పలరాజు చేతిలో స్పానరు కింద పెట్టాడు. "సారు మంచోరేనండి. మా సక్కగా మాటాడతారు. బండి మాత్రం ముట్టనివ్వకండి."

ఆ క్షణమే, గ్రీజు చెయ్యి గుండె మీద వేసుకుని ఘోర ప్రతిజ్ఞ చేశాను: పని చూడకుండా ఏ మనిషికీ మార్కులు వెయ్యను. ప్రతిజ్ఞ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చొక్కా మీద మరకా అంతే.