బెల్లం సున్నం పెట్టిన బండి

ఆ రోజుల్లో నాకు ఎంత ఓపిక ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు కూర్చున్న చోటే అలసట వస్తుంది. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం రాక, ఒక పాత పికప్ బండి కొన్నాను. కొన్నాను అనే కన్నా దత్తత తీసుకున్నాను అనడం సబబు. (దత్తు పిల్లలు పెద్దయ్యాక ఆదుకుంటారంటారు. ఇది నా దగ్గరికి వచ్చేసరికే ముసలిదైపోయింది.) కదలాలంటే దాన్ని బతిమాలాలి, ఆపాలంటే దేవుణ్ణి బతిమాలాలి. రావికమతం దగ్గర మా ఊళ్ళో బెల్లం గానుగ నడిపే పెద్దాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని గానుగ మామ అనేవారు. ఆయన నాకో మాట ఇచ్చాడు. "మొదటి వంట బెల్లం నీ బండి మీద ఏ పేచీ లేకుండా అనకాపల్లి యార్డుకి సేరితే ఈ సీజనంతా లోడు నీకేరా. సేరకపోతే ఎలమంచిలి బండిని మాటాడేత్తాను." మా నాన్న దానికి తన మాట కూడా కలిపారు. చేరకపోతే బండి పాత ఇనుము కొట్టుకి, నేను గాజువాకలో ఇనుము పనికి. "రెండూ ఇనుమే కదా, తేడా ఏటుంది?" అన్నారు.

బండికి మరమ్మతులు కావాలి. ఊళ్ళో మెకానిక్ ఉన్నాడు. అయితే ఆ సమయానికే మా అక్కతో పాటు మా బావ దిగాడు. బావ ఒకప్పుడు తన ఇంట్లో ఫ్యాను తనే బాగుచేసుకున్నాడట. ఆ ఫ్యాను ఎటు తిరిగిందో మాకు తెలీదు కానీ, అప్పట్నుంచీ తిరిగే వస్తువు ఏది కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు. పొద్దున్నే టిఫిను తిని, వీధి అరుగు మీద కుర్చీలో కూర్చుని, నా బండిని చాలాసేపు చూసి, "దీనికి మెకానిక్కెందుకురా బామ్మర్దీ? మనిద్దరం సాలమా?" అన్నాడు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. లోపల్నుంచి అమ్మ చూపు వచ్చి నా నోటికి తాళం వేసింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, "అల్లుడుగారు నోరిప్పి అడిగితే కాదంతావేట్రా? రేపు మీ అక్క తలెత్తుకోవద్దా?" అంది. మా వైపు ఇంటల్లుడి మాట తీసెయ్యడమంటే విస్తరి ముందు నుంచి లేపెయ్యడంతో సమానం. కాబట్టి నేను బయటికొచ్చి, "మీ ఇష్టం బావా," అన్నాను. ఆ ఐదు అక్షరాల మాట ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నానో, నిద్రలో కూడా అనేవాణ్ణని అమ్మ చెప్పేది.

మొదట డ్రైవరు తలుపు. దాని తాళం పడటం లేదు. బావ పాత పశువుల శాల తలుపుకున్న గొళ్ళెం ఊడదీసి దానికి బిగించాడు. బ్రహ్మాండంగా పట్టింది, కాకపోతే బయటివైపు బిగించాడు. నేను బండి దిగాలంటే కిటికీలోంచి మోచేతి దాకా చెయ్యి బయటపెట్టి తడుముకోవాలి, లేదా దారిన పోయేవాళ్ళని పిలవాలి. "దొంగభయం ఉండదు గదరా," అన్నాడు బావ. (నిజమే, లోపలున్న నేను ఎక్కడికీ పోలేను.) పక్క అద్దం విరిగిపోతే అక్క బొట్టు పెట్టుకునే అద్దం కట్టాడు. దాంట్లో వెనకొచ్చే లారీ కనబడేది కాదు గానీ నా ముఖం మాత్రం స్పష్టంగా కనబడేది. రోజురోజుకీ పీక్కుపోతున్న ఆ ముఖాన్ని చూసుకుంటూ బండి నడపడం నాకు కొత్త శిక్ష. ఆ తర్వాత సైలెన్సర్ గొట్టం పొలంగట్లకి తగులుతోందని, దాన్ని పైకెత్తి, వెనక తొట్టి అడుగుకి ఆనించి ఇనుప తీగతో కట్టేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, దీని పని ముందుంది.

అసలు గండం ఆ తొట్టి. అడుగు రేకు తుప్పుపట్టి జల్లెడైపోయింది. వెల్డింగు చేయిద్దామన్నాను. బావ జాలిగా నవ్వాడు. "మన పెద్దోళ్ళు వెల్డింగు పెట్టి మేడలు కట్టేరేటి? బెల్లం, సున్నం కలిపి కట్టేరు. వందేళ్ళయినా గోడ కదల్దు. నీ తొట్టి కదులుద్దేటి?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. పాత మేడల గచ్చులో బెల్లం వేసేవారని నేనూ విన్నాను. అయితే అందులో చిటికెడే వేస్తారో, చేటెడు వేస్తారో ఇద్దరికీ తెలియదు. గానుగ దగ్గర పారేసిన మురికి బెల్లం తట్టలకొద్దీ తెచ్చి, సున్నం వేసి, గోగునార ముక్కలు కలిపి, కాళ్ళతో తొక్కాం. తొక్కడం నా వంతు, చెప్పడం ఆయన వంతు. "తీపి ఎక్కువైతే పట్టెక్కువ," అని మధ్యమధ్యలో ఇంకో దిమ్మ వేయించేవాడు. సున్నానికి పాదాలు పగిలాయి, నడుం పట్టేసింది. కానీ చలికాలం ఎండకి ఆరాక తొట్టి అడుగు నిజంగానే రాయిలా బిగిసింది. బావ సుత్తితో కొట్టి వినిపించాడు. నాకు కూడా ఆ క్షణాన ఆయన మీద గౌరవం కలిగింది. అంత అలసిపోయాక మనిషి దేన్నైనా నమ్ముతాడు.

గానుగలో మొదటి వంట బెల్లం దిగింది. తొట్టిలో తాటాకులు పరిచి బెల్లం దిమ్మలు పేర్చాం. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను లోపల కూర్చుంటే బావ బయట గొళ్ళెం పెట్టి, అవతలివైపు నుంచి ఎక్కాడు. గానుగ మామ బస్సులో ముందే యార్డుకి వెళ్ళిపోయాడు. సగం దారికి కమ్మటి వాసన మొదలైంది. "మంచి బెల్లంరా, వాసన సూడు," అన్నాడు బావ. ఇంకాస్త దూరం పోయాక ఆ వాసన పాకం వాసనైంది. ఆ తర్వాత పాకం మాడిన వాసనైంది. టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏటి బావూ, బండి మీదే వంట పెట్టేవేటి?" అని అరిచాడు. దిగి చూద్దామంటే గొళ్ళెం బయటుంది, ఆపితే మళ్ళీ బండి కదలదు. సీజనంతా కళ్ళముందు తిరిగింది, దాని వెనకాలే గాజువాక కూడా.

యార్డులో కళాసీలు పై వరుసలు దించేశారు. అడుగు వరుస మాత్రం రాలేదు. గొట్టం వేడికి గచ్చు కరిగి, తాటాకుల సందుల్లోంచి పైకొచ్చి, బండి ఆగాక చల్లారి బిగిసింది. బండీ బెల్లమూ ఒకటైపోయాయి. ఒక కళాసీ గునపంతో పెకలించబోయి చేతులెత్తేసి, "మామా, ఇది దిగదు. బండితో పాటు వేలం పెట్టేయాల!" అన్నాడు. యార్డంతా నవ్వు. గానుగ మామ ఒక్కడే నవ్వలేదు. బావ మాత్రం గచ్చుని తట్టి, "సూసేరా మామా పట్టు! నేను సెప్పలేదూ?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, ఒట్టి అలసటతో.

మామ నన్ను తూకం కాటా చాటుకి తీసుకెళ్ళాడు. "పై సరుకు బాగానే సేరింది. అడుగుది పోతే పోయింది, గచ్చు తవ్వించి రేకు వెల్డింగు పెట్టించు, సీజను నీదే. కానీ మీ బావ సెయ్యి బండి మీద పడకూడదు. నువ్వే సెప్పాల," అన్నాడు. నేను నేల చూపులు చూశాను. ఆయన, "నువ్వు సెప్పలేవులే. నేనూ అల్లుడున్నోణ్ణే," అని నిట్టూర్చాడు. ఆ తర్వాత బావ దగ్గరికి వెళ్ళి ఎంతో మర్యాదగా, "అల్లుడుగారూ, మా గానుగ ఇంజిను కాస్త సూసిపెట్టాల, తమలాంటోరు దొరకరు," అన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. ఆ ఏడాది గానుగ ఇంజిను ఏమైందో నేను చెప్పను. మామ కూడా ఎవరికీ చెప్పలేదు.

మొన్నామధ్య గొలుగొండలో మా అత్తారింటికి వెళ్ళాను. అక్కడ అల్లుణ్ణి నేనే. కడవ ముట్టుకోనివ్వరు, పొలం వస్తానంటే ఎండంటారు. తింటాను, కుర్చీలో కూర్చుంటాను, మళ్ళీ తింటాను. ఇంతమంది పనుల్లో తిరుగుతుంటే ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అల్లుళ్ళకే తెలుసు. ఎదురుగా మా బామ్మర్ది కొత్తగా కొన్న పాత పికప్పు ఉంది. ఇంజిను ఏదో గొణుగుతోంది. నా నోట్లోంచి నాకు తెలియకుండానే, "దీనికి మెకానిక్కెందుకురా? మనిద్దరం చాలమా?" అని వచ్చేసింది. వాడు నోరు తెరిచాడు. లోపల్నుంచి మా అత్తగారు, "అల్లుడుగారికి పానా ఇయ్యరా," అన్నారు. వాడు పానా నా చేతిలో పెట్టి, "మీ ఇష్టం బావా," అన్నాడు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. పాపం మా బావ! ఆయనకి మా ఇంట్లో ఒక కుర్చీ ఇచ్చాం, కాఫీ ఇచ్చాం, ఒక్క పని ఇవ్వలేదు. మావాడు అనిపించుకోవడానికి ఆయనకి దొరికింది ఆ బండొక్కటే. పానా తిరిగిచ్చేసి, "మెకానిక్కుకే చూపించరా," అన్నాను. వాడి ముఖం మరీ అంత తొందరగా వెలిగిపోనక్కర్లేదనిపించింది. వెళ్ళి కుర్చీలో కూర్చుని, బావకి ఫోను చేసి, మా ఇంటి మోటారు ఏదో చప్పుడు చేస్తోంది, ఓసారి వచ్చి చూడమన్నాను. మోటారు నిక్షేపంలా ఉంది. "రేపే వత్తాన్రా, దాన్నెవర్నీ ముట్టుకోనీకు," అన్నాడు బావ.