రెండు బంగాళాదుంపలు

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో రాస్తారోకో జరుగుతుంటే మా బస్సు ఎంతకీ కదల్లేదు. పక్క సీట్లో ఒకావిడ, ఒళ్లో సంచి నిండా బంగాళాదుంపలు. కండక్టర్‌తో నేను మాట్లాడిన తీరు విని, "మీ ఆంధ్రోల్లు మంచిగ వండుతరంట గదా అక్కా. ఆలుగడ్డతోని కొత్తగ ఏమన్న చెప్పు. రోజూ ఒక్కతీరు చేస్తే మా మామ తింటలేడు" అంది.

అడిగిందే చాలన్నట్టు చెప్పేశాను. ఉడికించి, చేత్తో చిదిమి, నేతిలో ఎర్రగా వేయించి, మిరియాల పొడి చల్లమన్నాను. నెయ్యి ఎంతని రెండుసార్లు అడిగింది.

"బంద్‌ల వల్ల వేరే కూరగాయలు దొరకడం లేదా?" అన్నాను.

"ఎందుకు దొరకయ్? మా మామకు షుగర్ మస్తుగుంది. డాక్టర్ ఆలుగడ్డ ముట్టొద్దన్నడు."

గాజులు పైకి జరిపి ముంజేయి చూపించింది. గరిటె ఆకారంలో పాత కాలిన మచ్చ.

"కూరల ఉప్పెక్కువైందని పెట్టిండు. ఇప్పుడు నా చేతి వంట తప్ప ఇంకెవలది తినడు" అని నవ్వింది.

ఇంతలో దారి తెరుచుకుని బస్సు కదిలింది. ఎల్బీనగర్ రాగానే ఆవిడ లేచి, "మీ ఇంట్ల మామ ఉన్నడా అక్కా?" అంది. మా మామగారు ఉన్నారన్నాను. మంచివి రెండు దుంపలు ఏరి నా సంచిలో వేసి దిగిపోయింది.

వాటిని వండలేదు. పారెయ్యనూ లేదు. మొలకలొచ్చేదాకా మా వంటింట్లోనే ఉన్నాయి.