కార్డు కింద పేరు

నేను కంప్యూటర్ విద్య ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. మొఘల్‌పురాలో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న గ్రంథాలయంలో నేర్చుకున్నాను. పొద్దున నాన్నతో పాల దుకాణం, సాయంత్రం ఆ చెక్క బల్ల. అక్కడున్న ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో ఒకదానికి చివరి ముప్పై పేజీలు లేవు. వాటిలో ఏముండి ఉంటుందో నేనే ఊహించి నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ మాట ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెబుతాను.

ఆ చదువుతోనే, బార్కస్‌లో ఉండే ఒక మిత్రుడితో కలిసి, తెలుగు, ఉర్దూ ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చు వేసే చిన్న ప్రోగ్రాం రాశాను. తెలుగు పని నాది, ఉర్దూ పని అతనిది. దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాం. షరతులు రెండే. మార్చి ఇంకొకరికి ఇచ్చేవాళ్లు మార్చిన కోడ్ కూడా బయటపెట్టాలి. రాసినవాళ్ల పేర్లు, ఈ షరతులు తీసేయకూడదు.

దానిలో ఒక లోపం ఉండేది. రెండు భాషలు ఒకే వరుసలో కలిసినచోట అంకెలు తిరగబడేవి. పద్నాలుగు కాస్తా నలభై ఒకటి అయ్యేది. అప్పుడే మా గ్రంథాలయాధికారి పుస్తకాలన్నిటికీ రెండు భాషల్లో చీటీలు వేసి ఇమ్మని అడిగారు. నాకు చదువు చెప్పిన చోటికి నేను చేయగలిగింది అదొక్కటే. కానీ చీటీ మీద నంబరు తప్పు పడితే పుస్తకం ఎవరికి దొరుకుతుంది? ఆ లోపం సరిచేయలేక ఏడాదిగా ఇద్దరం తంటాలు పడుతున్నాం.

ఒకరోజు పక్కింటివాళ్లు పెళ్లి కార్డు ఇచ్చారు. మా గల్లీలో కార్డులు రెండు భాషల్లోనూ వేయించేవారు. ఉర్దూ వరుసలో, తెలుగు పక్కన, తేదీ సరిగ్గా కూర్చుని ఉంది. కానీ 'క్ష' తర్వాత అక్కర్లేని చిన్న ఖాళీ. ఆ ఖాళీ నాకు బాగా తెలుసు. అది నా తప్పు, నా ప్రోగ్రాం తప్ప మరేదీ అలా చేయదు. అంటే మా ప్రోగ్రాంలోనే ఎవరో అంకెలు సరిచేశారు.

కార్డు ఎక్కడ వేయించారో కనుక్కుని పురానాపూల్ దగ్గరి దుకాణానికి వెళ్లి చూశాను. తెర మీద మా ప్రోగ్రామే. మా పేర్లు లేవు, షరతులు లేవు. పైగా యజమాని దాన్ని పెన్‌డ్రైవ్‌లో మరో ఐదారు దుకాణాలకు ఇచ్చాడట. నేనెవరో చెప్పకుండా నేరుగా గ్రంథాలయానికి వచ్చి, కాపీరైట్ చట్టం మీద ఉన్న లావుపాటి పుస్తకం తీసుకున్నాను. రెండు రోజుల్లో నాలుగు పేజీల లీగల్ నోటీసు తయారైంది.

మిత్రుడు చదివాడు.

"మస్తు రాసినవ్ భాయ్. గిది చదివితే నాకే భయమైతుంది."

"పంపుదామా మరి?"

"పంపితే ఏం చేస్తడు? అంతా తుడిచేసి నాకేం తెల్వదంటడు. అంకెలు సీదా చేసిన కోడ్ దాంతోనే పోతది. నీకు గెలుపు కావాల్నా, కోడ్ కావాల్నా?"

"రెండూ."

"కోర్టుకు పోయొచ్చేటాళ్లకు నీ లైబ్రరీ పుస్తకాలకు చెదలు పడ్తయి. పహ్లే పోయి అడుగుదాం. ఇయ్యనంటే నీ కాగితం ఉండనే ఉన్నది."

నోటీసు జేబులో పెట్టుకునే వెళ్లాను.

యజమాని అరవై దాటిన మనిషి. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మిత్రుడు సంగతంతా చెప్పాడు.

"పేర్లా? తీసినం. ఎందుకు తియ్యం?" అన్నాడాయన, ఏ తడబాటూ లేకుండా. నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"కార్డు కింద ప్రెస్ పేరుంటే పెండ్లోళ్లు ఊకుంటరా అన్నా? మా బిడ్డ పెండ్లా, నీ దుకాణం పెండ్లా అని లొల్లి చేస్తరు. మా బాపు కాలం సంది గంతే. ఏది చేతికొచ్చినా ముందు కింద పేరు చూసి తీసేస్తం."

మిత్రుడికి చాయ్ పొలమారింది. ప్రతి కాగితం అడుగునా మా పేర్లు, షరతులు అచ్చయ్యేలా పెట్టింది నేనే. గొప్ప కోసం పెట్టాను. ఇక్కడివాళ్లు వాటిని పెళ్లి కార్డు అడుగున ప్రెస్ పేరులా చూశారు.

"ఆ షరతులు చదవలేదా?" అన్నాను.

"ఇంగ్లిష్‌ల ఉన్నయి. మొఘల్‌పురాల కూసొని ఇంగ్లిష్‌ల ఎవరికోసం రాసినవ్?"

పుస్తకం చూసి దించిన ఇంగ్లిష్ అది.

"మరి అంకెలు ఎవరు సీదా చేసిండ్రు?" అని మిత్రుడు అడిగాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరమ్మ తల తిప్పకుండానే అంది: "నేనే. రోజూ తేదీలు చేత్తోని దిద్దలేక పానం పోయింది. ఆర్నెల్లు పట్టింది."

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"మీ కోడ్ల పక్కపొంటి తెలుగుల రాసుకున్నరు గదా, అవి సదివి."

గ్రంథాలయ పుస్తకాల అంచుల్లో రాయకూడదు కనుక, నేర్చుకున్నదంతా నా కోడ్ అంచుల్లో రాసుకునేవాణ్ని. వాటిని ఒకరు చదువుతారని ఎన్నడూ అనుకోలేదు.

యజమాని కోడ్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేయించాడు. "తీస్కపో. డ్రైవ్ మాత్రం వాపస్ తేవాలె. షరతులు తెలుగుల, ఉర్దూల రాసియ్యి, మిగిలిన దుకాణాలకు నేనే పంచుత."

"అక్క పేరు కూడా పెడ్తం," అన్నాడు మిత్రుడు.

"పెట్టుర్రి," అందామె. "మా సేటు మళ్ల తీసేస్తడు."

ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు. పేర్లను కాగితం అడుగు నుంచి తీసి, షరతులతోపాటు ప్రోగ్రాం మొదటి తెర మీద పెట్టాను. ఈసారి మూడు పేర్లు. నెలలోపే గ్రంథాలయం చీటీలన్నీ అచ్చయ్యాయి.

ఇప్పుడు పెళ్లి పిలుపులు ఫోనులో వస్తున్నాయి. ఆ దుకాణంలో ఫోను కవర్లు అమ్ముతున్నారు. మొన్న గ్రంథాలయానికి వెళ్తే చీటీలు పసుపెక్కి ఉన్నాయి, నంబర్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. కాపీరైట్ పుస్తకం తీసి చూశాను. ఆనాడు నోటీసును జేబులోంచి తీసి అందులో పెట్టి, పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మరిచిపోయాను. ఇంకా ఉంది. అయితే నేను పెట్టిన చోట కాదు, వంద పేజీలు ముందుకు జరిగింది. ఎవరో చదివినంతవరకు గుర్తుగా పెట్టుకుంటున్నారు. ఆ పేజీలోనే ఉంచి, పుస్తకం మూసి, అల్మారాలో పెట్టి వచ్చాను.