వదిన పాసు మీద పదకొండేళ్ళు

యూనియన్ వాళ్ళూ పర్యావరణం వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోబోతున్నారని విన్నప్పుడు నేను నిజంగా సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

భూపాలపల్లిలో మా యూనియన్ ఆఫీసు రాతకోతలన్నీ నావే. గనిలో దిగీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాక కలం పట్టాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని వినతిపత్రాలు నాతోనే రాయిస్తారు. మేం దిగిన గని త్వరలో మూతపడుతుందనీ, పక్కనున్న మట్టిదిబ్బల మీద సోలార్ పలకలు వస్తాయనీ కబురు ముదిరినప్పుడు, మహబూబాబాద్ నుంచి పర్యావరణ సంఘం వాళ్ళు వచ్చారు. బొగ్గు పోవాలి గానీ బొగ్గు మీద బతికినవాళ్ళు రోడ్డున పడకూడదన్నారు. మా నాయకుడూ అదే అన్నాడు. ఇద్దరూ కలిసి కమిటీ వేసుకున్నారు. పని పోయేవాళ్ళ జాబితా తయారుచేసి, సోలార్ పనిలో మొదటి హక్కు వాళ్ళకే ఇవ్వాలని అడగాలి. ఆ జాబితా రాసే పని నాకు పడింది.

మొదటి మూడు సమావేశాలు బ్యానర్ కిందే పోయాయి. ఎర్రగా ఉండాలా, పచ్చగా ఉండాలా, ఎవరి సంఘం పేరు పైన ఉండాలి, ఎవరి అక్షరాలు పెద్దగా ఉండాలి. గని మూతపడటం గురించి అంత కోపంగా మాట్లాడిన వాళ్ళను నేను చూడలేదు. చివరికి సగం ఎరుపు, సగం ఆకుపచ్చ కుట్టించారు. పుచ్చకాయ కోసినట్టుందన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజుల్లోనే ఆమె ఆఫీసుకు వచ్చింది. డోర్నకల్ దగ్గర తండా మనిషి. మా గని బొగ్గు యార్డులో కన్వేయర్ బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తిపోసే కాంట్రాక్టు పని. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లు గడిచేది ఆమె రెక్కల మీదే.

"అన్నా, పని పొయ్యేటోళ్ళ లిస్టు రాస్తున్నవంట గదా. నా పేరు గూడ జర రాయవా?"

"గేటు పాసు ఇయ్యి చెల్లె, నంబరు జూసి రాస్త."

పాసు ఇచ్చింది. మసి పట్టి ఫొటోలో ముక్కూ మొహం తెలియడం లేదు గానీ, వయసు మాత్రం కుదరలేదు. ఆమె నేల చూపులు చూసింది.

"గది మా వదినది అన్నా. కాన్పుకు తండాకు వోయి మళ్ళ రాలే. పాసు పోతదని ఆమె జాగల నేనొచ్చిన. పదకొండేండ్లాయె. సూపర్వైజరు గూడ నన్ను మా వదిన పేరుతోనే పిలుస్తడు."

మా దగ్గర ఇది వింతేమీ కాదు. గేటు పాసు దొరకడం కష్టం కాబట్టి పాసు అలాగే ఉంటుంది, పని చేసే మనిషి మారుతుంది. కాంట్రాక్టరుకు తెలుసు, సూపర్వైజరుకు తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే. కానీ జాబితాలో వదిన పేరు ఎక్కితే, రేపు పని కూడా వదినకే పోతుంది.

"వదిన మంచిదే. పని వస్తదంటె మా అన్న ఊకుంటడా? నా పిల్లలను ఎట్ల సాదాలె?"

పాసు నంబరు ప్రకారం అప్పటికి వదిన పేరే రాసి, నేనొక సలహా ఇచ్చాను. ఘనమైన సలహా. "దాచుకుంట ఎన్నొద్దులు తిరుగుతవు? పదిమంది ముంగట చెప్పెయ్యి. అందరి ముంగట చెప్పినంక నిన్ను ఎవడు ముట్టుకుంటడు?"

నేను గనిలో నేర్చుకున్నది అదే. షిఫ్టు సైరన్ మోగేముందు గేటు దగ్గర మీటింగు పెట్టేవాళ్ళం. ఒక మనిషి లేచి తన బాధ చెప్పుకున్నాడంటే, ఆ క్షణం నుంచి అది షిఫ్టు మొత్తం బాధ. అతని మీద చెయ్యి వేస్తే ఆ రోజు ఒక్కడూ గనిలో దిగేవాడు కాదు. ఆ రివాజు మీద నమ్మకంతో నేనామెను జనగామ ఫంక్షన్ హాలులో కమిటీ పెట్టిన సదస్సుకు తీసుకుపోయాను. అక్కడ షిఫ్టు ఎక్కడుంది? గేటు ఎక్కడుంది? ఇంత చిన్న విషయం నా బుర్రకు తట్టలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు రైలు వీలుగా ఉంటుందని సదస్సు జనగామలో పెట్టారు. ప్రతి కుర్చీ మీదా ఒక ప్లాస్టిక్ నీళ్ళ సీసా. ప్లాస్టిక్ భూమిని చంపుతోందని మాట్లాడినాయన మాటమాటకూ ఆ సీసానే ఎత్తి తాగాడు. మా నాయకుడు ముందు వరసలో మెడలో కండువాతో కునికిపాట్లు పడుతున్నాడు. పర్యావరణ సంఘం మేడం మా చెల్లెను చూసి తెగ మురిసిపోయింది. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, వీడియో తీసే కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టి, "భయపడకమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

ఆమె ఉన్నది ఉన్నట్టే చెప్పింది. వదిన పాసు గురించి, బెల్టు దుమ్ముకు వచ్చే దగ్గు గురించి, సొంత పేరు పెట్టి పిలిస్తే పనిలో పలకడం మరిచిపోయిన సంగతి గురించి. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా. తర్వాత భోజనాలకు లేచారు. గులాబ్ జామున్ దగ్గర తోపులాట జరిగింది.

మూడో రోజుకు ఆ వీడియో భూపాలపల్లిలో అందరి ఫోన్లలోకీ వచ్చింది. మర్నాడు పొద్దున ఆమెను గేటు దగ్గరే ఆపారు. పదకొండేళ్ళు వదిన పేరుతో పిలిచిన సూపర్వైజరే "నువ్వెవరు?" అని అడిగాడట. వేరేవాళ్ళ పాసు వాడిందని కాంట్రాక్టరు పాసు రద్దు చేశాడు.

ఆమె నేరుగా ఆఫీసుకు వచ్చింది. మా నాయకుడు చాయ్ తాగుతూ విన్నాడు.

"నిన్నెవలు చెప్పుమన్నరు స్టేజీ మీద? మహబూబాబాదోళ్ళు ఎక్కిచ్చిన్రు, పోయి వాళ్ళనే అడుగు" అన్నాడు.

నేను మేడంకు ఫోన్ చేశాను. ఆమె గొంతులో కొంచెం కూడా తొట్రుపాటు లేదు. "తన ఇష్టంతోనే మాట్లాడినట్టు సంతకం ఉందండీ మా దగ్గర. వీడియోకు చాలా మంచి స్పందన వచ్చింది. పాసు విషయం మీ యూనియన్ చూసుకోవాలి కదా" అంది. ఫోన్ పెట్టేశాను.

"చెప్పుమన్నది నువ్వే గదన్నా" అంది ఆమె నావైపు తిరిగి. కోపంగా అనలేదు. సాక్ష్యం చెబుతానేమోనని అడిగినట్టు అంది. నాయకుడు నన్ను చూశాడు. అవును, నేనే చెప్పమన్నాను, ఆమె కోసం గేటు దగ్గర కూర్చుందాం పద అనాలి నేను. ఆ మాట అంటే ఆఫీసులో నా కుర్చీ పోతుంది. ఈ మోకాళ్ళతో ఇంకో కుర్చీ నాకెవరిస్తారు? బల్ల మీద కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. ఆమె బయట బెంచీ మీద కూర్చుంది.

నాయకుడు చాయ్ గ్లాసు పక్కన పెట్టి జాబితా లాక్కున్నాడు. "పాసే లేనంక గీ వదిన పేరెందుకు? తీసెయ్. కొట్టివేతలుంటె బాగుండదే, పేజీ మొత్తం మళ్ళ రాయి. సాయంత్రం రెండు సంఘాల సంతకాలయితయి."

రాశాను. వరస నంబర్లు సరిచేసి, గుండ్రని అక్షరాలతో, ఒక్క తప్పు కూడా పోకుండా రాశాను. వదిన పేరు లేదు, ఆమె పేరూ లేదు. కాగితం పట్టుకుని జిరాక్స్ కోసం బయటికి వచ్చేసరికి ఆమె బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

"లిస్టు అయిందా అన్నా? నా పేరు ఉన్నదా?"

"ఉన్నది చెల్లె" అన్నాను.